తొంభై రెండు పచ్చగాజులు

నా చిన్నప్పుడు, పదేళ్ళ వయసులో, ఒకే ఒక్క పూటలో నేను పోగొట్టినవాటి లెక్క ఇది. మట్టిగాజులు నాలుగు. ఎడమకాలి చెప్పు ఒకటి. చొక్కాకి పైనుంచి మూడో గుండీ. దారిలో తినమని ఇచ్చిన రెండు నువ్వుండల్లో ఒకటిన్నర. మధ్యాహ్నం భోజనం పూర్తిగా. చిట్టచివరగా మా నాన్నమ్మ ముఖంలోని రంగు. మిగతావన్నీ పోతుంటే నేను కళ్ళారా చూశాను. ఆ చివరిది పోయిందని మాత్రం తర్వాత ఎవరో చెబితే తెలిసింది. రంగుల రాకపోకలు నాకు సరిగా అందవు. అందులోనూ పచ్చ అసలే అందదు.

ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ, నాకు పచ్చ కనపడదన్న సంగతి పంతొమ్మిదో ఏడు వచ్చేదాకా నాకే తెలియదు. అదెలా సాధ్యం అని చాలామంది అడుగుతారు. ఆకు పచ్చగా ఉంటుందని అందరూ అన్నారు, నేనూ అన్నాను. చిలక పచ్చ, నారుమడి పచ్చ, అరటాకు పచ్చ. ఎక్కాలు ఎలా బట్టీ పట్టానో ఏ వస్తువుది ఏ రంగో అలాగే బట్టీ పట్టేశాను. పైగా మా ఇళ్ళలో ఆ మాట కంటితో పనిలేకుండానే రోజంతా తిరుగుతూ ఉంటుంది. కాగనివి పచ్చిపాలు. ఆరనిది పచ్చిగోడ. మాననిది పచ్చిపుండు. బిడ్డను కని నాలుగు రోజులు కానిది పచ్చి బాలింత. దీవించాలంటే చల్లగా, పచ్చగా ఉండమంటారు. పొద్దున లేస్తే ఇన్నిసార్లు వినపడే మాట నాకు తెలియదని నాకెలా తోస్తుంది? నా చెవుల నిండా పచ్చే. కంట్లోనే లేదు.

ఆ సంగతి బయటపడిన తీరు కూడా చెప్పేస్తాను. రైలు ఉద్యోగానికి రాతపరీక్ష నెగ్గి, వైద్యపరీక్షకి వెళ్ళాను. డాక్టరుగారు ఒక పుస్తకం తెరిచి, గుండ్రంగా పోసిన రంగుచుక్కలు చూపించి, ఇందులో ఏ అంకె ఉందో చెప్పమన్నారు. అంకె అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఎంత చూసినా చుక్కలే తప్ప అంకె లేదు. ఈయన నన్ను తికమక పెట్టడానికి ఇలా అడుగుతున్నారు కాబోలు, చుక్కలు మొత్తం ఎన్నో చెప్పాలి కాబోలు అనుకుని లెక్కపెట్టడం మొదలెట్టాను. నూట పద్నాలుగు దగ్గర ఆయన పుస్తకం మూసేశారు. అంకె నా ఎదురుగా ఉండి నేను చూడలేకపోవడం నా జన్మలో అదే మొదలు. రైలు ఉద్యోగం అలా పోయింది. అది ఆ పూట లెక్కలోది కాదు కాబట్టి పైన వేయలేదు.

ఇక ఆ పూట సంగతి. మా ఊరు రాజాంకి బస్సులో అరగంట దూరం. మా నాన్నకి అప్పట్లో నెల్లిమర్ల జూట్ మిల్లులో పని, వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. ఇంట్లో పెత్తనమంతా మా నాన్నమ్మది. నాన్న చెల్లెల్ని, అంటే మా చిన్నత్తని, శ్రీకూర్మం దగ్గరి ఊళ్ళో ఇచ్చారు. ముందటేడు చిన్నత్తకి కడుపు వచ్చి ఆరో నెలలో పోయింది. ఈసారి తొమ్మిదో నెల పెట్టింది. సూడిదలు మా ఇంట్లోనే పెట్టి, అంటే చలిమిడి, చీర, గాజులు పెట్టి పేరంటం చేసి, పురుడు అయ్యేదాకా పిల్లను ఇక్కడే ఉంచుకోవాలని నాన్నమ్మ ఆశ.

చిన్నత్త అత్తగారు దానికి ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది. ఆవిడ మా నాన్నమ్మకి వియ్యపురాలు గనక ఇక్కడ వియ్యపురాలనే రాస్తాను. ముందటేడు వాళ్ళ ఊళ్ళో పేరంటం హడావిడిగా జరిగి, చిన్నత్త చేతులకి దొరికిన రంగు గాజులన్నీ కలిపి తొడిగేశారట. తర్వాత అలా జరిగాక, రంగులు కలిపినందుకే ఇలా అయిందని ఎవరో అన్నారట. అన్నవాళ్ళు ఆ సాయంత్రానికే మర్చిపోయి ఉంటారు. ఆవిడ మర్చిపోలేదు. మా ఇంటికొచ్చి, బండి దిగుతూనే, కాళ్ళకి నీళ్ళు కూడా ఇవ్వనియ్యకుండా చెప్పేసింది.

"వదినా, ముందే సెప్తన్నాను. పచ్చగాజులు తప్ప ఇంకో రంగు నా కోడలి సేతికి పడ్డాదంటే, అప్పటికప్పుడు బండెక్కించుకుని ఎల్లిపోతాను. మరి నువ్వేటి సెప్పినా ఇనను."

చిన్నత్త మాత్రం తన పెట్టెలోని బట్టలన్నీ తీసుకెళ్ళి మా బీరువాలో సర్దేసింది. ఉండిపోవాలని ఆవిడకి ఎంత ఉందో ఇంట్లో అందరికీ అలా తెలిసింది.

మా ఊరు తిరిగే గాజులాయన ఆ వారం రాలేదు. రాజాం నుంచి తేవాలి. మగవాళ్ళు పందిరి పనిలో ఉన్నారు. నాన్నమ్మ నన్ను పంపింది. పదేళ్ళవాణ్ణి ఒంటరిగా ఎందుకు పంపిందంటే, గాజులకొట్టువాళ్ళు డజనని పదకొండు కడతారని ఆవిడ నమ్మకం, నా లెక్క తప్పదని ఇంకో నమ్మకం. రెండూ నిజమే. అదే కొంప ముంచింది.

ఎన్ని కావాలో లెక్క నేనే వేశాను. చిన్నత్తకి కుడిచేతికి పదకొండు, ఎడమచేతికి పన్నెండు, వెరసి ఇరవై మూడు. నాన్నమ్మతోనూ వియ్యపురాలితోనూ కలిపి పేరంటాళ్ళు ముప్పై నాలుగు మంది, తలకి రెండేసి అరవై ఎనిమిది. మొత్తం తొంభై ఒకటి. ఎనిమిది డజన్లు తెస్తే ఐదు మిగులుతాయి, పగిలితే పగిలాయి.

కొట్టులో గాజులు కట్టలు కట్టలుగా మేకులకి వేలాడుతున్నాయి. పచ్చగాజులు ఎనిమిది డజన్లు అన్నాను. కొట్టాయన ఒక మేకు మీంచి తీసిచ్చాడు. నేను అక్కడే నేలమీద కూర్చుని లెక్కపెట్టాను. పదకొండు. ఇంకో కట్ట విప్పాను. పదకొండు. నాన్నమ్మ నమ్మకం రుజువైందని నాకు ఎంత సంబరమో. పక్క మేకుకి సరిగ్గా అలాంటివే ఉన్నాయి. లాగి లెక్కపెడితే పన్నెండు. వాటి పక్కది, పన్నెండు. ఇవి ఇవ్వండి అన్నాను.

"అవి వేరు బాబూ," అన్నాడాయన.

"వేరైతే అయ్యాయి. పన్నెండున్నాయి కదా?" అన్నాను, కొట్టులో ఉన్న ఆడవాళ్ళందరికీ వినపడేలా.

పదకొండు సంగతి పట్టుబడ్డాక ఆయన పన్నెండువి ఎనిమిది కట్టలు కాగితంలో చుట్టి, నేను బయటికి వెళ్ళిపోతే చాలన్నట్టు చేతిలో పెట్టాడు. అవి ఇటుకరంగు గాజులు. బాగా కాలిన పెంకు ఎలా ఉంటుందో అలా ఉంటాయని తర్వాత చెప్పారు. నా కంటికి రెండు మేకులూ ఒకటే. తేడా అల్లా ఒక కట్టలో పదకొండు, ఒక కట్టలో పన్నెండు. అంత స్పష్టమైన తేడా ఉండగా ఇంకో తేడా వెతికేవాడెవడు?

తిరుగుబస్సులో జనం కిక్కిరిసి ఉన్నారు. పొట్లం గుండెకి హత్తుకుని నిలబడ్డాను. ఒక గతుకులో నువ్వుండలు జేబులోంచి దొర్లి సీట్ల కిందకి పోయాయి, అప్పటికి సగం తిన్నాను. దిగేటప్పుడు గుండీ ఒకరి బుట్టకి తగులుకుని తెగింది, చెప్పు మెట్టు మీదే ఉండిపోయింది. చెప్పు వెనక పరుగెత్తాలా, గాజులు చూసుకోవాలా అని ఒక్క క్షణం ఆలోచించి గాజులే ఎంచుకున్నాను. పొట్లం తెరిచి చూస్తే నాలుగు పగిలాయి. తొంభై రెండు మిగిలాయి. అవసరం తొంభై ఒకటి. ఒంటికాలి చెప్పుతో ఇంటికి నడుస్తూ నాకంటే మొనగాడు చుట్టుపక్కల లేడనుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి ఆలస్యమైంది. ముత్తైదువులంతా చాపల మీద కూర్చున్నారు. చిన్నత్త పీట మీద ఉంది. నాన్నమ్మ చలిమిడి పంచే హడావిడిలో పొట్లం విప్పి కూడా చూడలేదు, పళ్ళెంలో పోసి పైన తువ్వాలు కప్పి తీసుకురా అంది. నేనే పోసి, నేనే కప్పి, నేనే మోసుకుంటూ వెళ్ళి చిన్నత్త ముందు పెట్టాను. పేరంటంలో మగపిల్లాడు పళ్ళెం మోయడమేమిటని ఎవరో నవ్వారు. నేను పట్టించుకోకుండా తువ్వాలు లాగాను.

గదిలో చప్పుడు ఆగిపోయింది. అది మెచ్చుకోలు అనుకున్నాను.

"తొంభై రెండు," అని లెక్క అప్పజెప్పాను. "నాలుగు బస్సులో పోయాయి. మిగిలినవి ఒక్కటి తక్కువ లేవు. ఆ కొట్టాయన పదకొండువి అంటగట్టబోయాడు, నేను ఒప్పుకోలేదు. అన్నీ పచ్చవే. నేనే ఏరాను."

నాన్నమ్మ ముఖంలో రంగు పోయింది ఇక్కడే. ఆవిడ చేతిలో చలిమిడి ముద్ద అలాగే ఉండిపోయింది. గుమ్మం దగ్గర ఎవరో ‘ఒలమ్మో’ అన్నారు. అందరూ వియ్యపురాలి వైపు చూశారు. ఆవిడ కదల్లేదు. బండి బయటే ఉంది, ఎద్దుల మెడలో గంటలు వినపడుతున్నాయి.

ముందు కదిలింది చిన్నత్త. పళ్ళెం వంక చూసింది, నా కాళ్ళ వంక చూసింది, హడావిడిలో విప్పడం మర్చిపోయాను, ఒక కాలికే చెప్పుంది. తన రెండు చేతులూ ముందుకి చాపింది.

"ఎంత పచ్చగా ఉన్నాయిరా," అంది. "ఎండలో పడి ఎల్లి తెచ్చినావా నా కోసం?"

ఆవిడ బట్టలు మా బీరువాలో ఉన్నాయన్నది ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. ఆ ఒక్క మాటతో అవన్నీ మళ్ళీ పెట్టెలోకి వెళ్ళిపోవచ్చు. అది ఆవిడకి తెలుసు. నాకు తెలియదు. నేను ఔనన్నట్టు తలూపి, ఎడమచేతికి పన్నెండు మర్చిపోవద్దన్నాను.

వియ్యపురాలు లేచింది. పళ్ళెంలోంచి ఒక గాజు తీసి కిటికీ వెలుగుకి ఎత్తి పట్టింది. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి, నా గెడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది.

"ఒరే గుంటడా, ఈ గాజు ఏ రంగు?"

"పచ్చ."

"గుమ్మానికి కట్టిన ఆ మావిడాకులో?"

"అవీ పచ్చే."

"మరి నా సీరో?"

చీర రంగు నేను బట్టీ పట్టినవాటిలో లేదు. గాజుకీ చీరకీ మధ్య రెండుసార్లు చూశాను. రెండూ ఒకటే. ఆవిడ ఆ రోజు ఇటుకరంగు నేతచీర కట్టుకుని వచ్చింది.

"పచ్చే కదండీ," అన్నాను, ఇంత పెద్దావిడకి తన చీర రంగు తెలియకపోవడమేమిటి అనుకుంటూ.

వెనక ఎవరికో నవ్వు తన్నుకొచ్చి, పక్కావిడ నొక్కేసింది. వియ్యపురాలు మాత్రం నవ్వలేదు. గంటలు ఇంకా మోగుతున్నాయి. అప్పుడు నా గెడ్డం వదిలి, గదిలోకి తిరిగి గట్టిగా అంది.

"అయితే నానూ పచ్చసీరే కట్టుకొచ్చినాను. సూస్తన్నారేటి అందరూ? నా కోడలికి తొడగండి. నాకూ రెండు పచ్చవి ఇయ్యండి."

తొడగడం మొదలైంది. చిన్నత్త చేతులు నిండాక ఒక్కొక్కరూ వచ్చి రెండేసి తీసుకున్నారు. తీసుకునేటప్పుడు ఒక్కొక్కరూ, నా వంక చూసి, పచ్చగా ఉన్నాయి బాబూ అన్నారు. పక్కింటి అక్క ఇంకాస్త ముందుకెళ్ళి, చిలకల్లా ఉన్నాయంది. ఒక ముసలామె మాత్రం గాజు కళ్ళ దగ్గర పెట్టుకుని సణిగింది.

"ఇవి పచ్చవేటమ్మా? కుండపెంకుల్లా ఉన్నాయి."

"నీ కళ్ళకి పొరలొచ్చినాయి పిన్నీ, ఆస్పత్రికి ఎల్లు," అంది వియ్యపురాలు.

ముసలామె ఆవిడ ముఖం చూసింది. "ఔనే, ఈమజ్జిన కంటికేటీ ఆనడం లేదు. పచ్చవే," అంది.

నేను గుమ్మం దగ్గర నిలబడి వచ్చిన చేతులు లెక్కపెడుతున్నాను. ముప్పై నాలుగు మందికి అరవై ఎనిమిది, చిన్నత్తకి ఇరవై మూడు, పళ్ళెంలో ఒకటి మిగిలింది. లెక్క అణువంత తేడా లేకుండా సరిపోయింది. ఆ సంతోషంలో భోజనానికి వెళ్ళడం మర్చిపోయాను. గుర్తొచ్చేసరికి పులిహోర అయిపోయింది.

చిన్నత్త ఉండిపోయింది. వియ్యపురాలు బండెక్కే ముందు నన్ను పెరట్లోకి తీసుకెళ్ళింది. పళ్ళెంలో మిగిలిన ఒంటిగాజు అప్పటికే ఆవిడ రొంటిని ఉంది. తిడుతుందేమో, మిగిలిన గాజు లెక్క అడుగుతుందేమో అనుకున్నాను. ఆవిడ వంగి, ఎవరూ వినకుండా చెప్పింది.

"ఇదిగో, ఎప్పుడైనా రంగుతో పనిపడితే నువ్వు సెప్పకు. పక్కోళ్ళని అడుగు. లెక్క మాత్రం ఎవుల్నీ అడక్కు, నువ్వే సెప్పు."

ఎందుకని అడిగాను.

"లెక్కలోళ్ళకి రంగులతో పనేటి?" అంది.

అది నాకు పెద్ద బిరుదులా అనిపించింది. ఆ రోజు నుంచి రంగుతో పనిపడితే పక్కవాళ్ళనే అడిగేవాణ్ణి, అది లెక్కలు తెలిసినవాళ్ళ పద్ధతి అనుకుని. అరటికాయ పండిందా అని అడిగాను, పెళ్ళికూతురి చీర ఏమి రంగని అడిగాను. మిరపచేలో పండుకాయ ఏరమంటే నా పక్క సాలులో ఎప్పుడూ ఒకరిని పెట్టుకున్నాను. పూత పట్టి ఎన్ని రోజులైందో నేను చెప్పేవాణ్ణి, ఎర్రబడిందో లేదో వాళ్ళు చెప్పేవారు. డాక్టరుగారు పుస్తకం మూసేదాకా, తొమ్మిదేళ్ళపాటు, నేను ఒక్కసారి కూడా రంగు తప్పలేదు.

వైద్యపరీక్ష తప్పి వచ్చిన రోజు, దిగులుగా, చిన్నత్త ఇంటికి వెళ్ళాను. గాజుల సంగతి ఆవిడ అప్పుడు చెప్పింది. నా ముఖం చూసి ముందు పగలబడి నవ్వింది, తర్వాత కళ్ళు తుడుచుకుంది. ఆ కాన్పులో మా ఇంట్లో పుట్టిన పిల్లే నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది, అప్పటికి దానికి తొమ్మిదేళ్ళు. అత్తగారు అంత పట్టుదల మనిషి ఎందుకు మెత్తబడిందని అడిగాను. ఆవిడకి ఒక తమ్ముడున్నాడట. చిన్నప్పుడు పండుమిరపకాయలు కోసుకు రమ్మంటే పచ్చికాయలు బుట్టెడు కోసుకొచ్చేవాడట. పొగరు అనుకున్నారు, ఒళ్ళు వంగదనుకున్నారు. ఇంట్లో అందరూ కొట్టారట. కొట్టిన చేతుల్లో ఆవిడవీ ఉన్నాయట. ఎన్ని దెబ్బలో ఆవిడ లెక్కపెట్టుకోలేదు. కిటికీ దగ్గర గాజు ఎత్తి పట్టినప్పుడు ఆవిడ చూసింది గాజుని కాదని, నాలో వాణ్ణి చూసిందని చిన్నత్త అంది. ముందటేటి భయం పోకపోయినా, ఆ గాజులు కోడలికి తొడగనిచ్చిందట. ఆ తర్వాత పురుడు అయ్యేదాకా రోజూ దీపం పెట్టి దండం పెట్టుకుందట.

మిగిలిన గాజు ఏమైందని అడిగాను. లెక్కలో ఒకటి తేలకపోతే నాకు నిద్రపట్టదు. వియ్యపురాలు దాన్ని తీసుకెళ్ళి నెరిసిన తలతో ఉన్న ఆ తమ్ముడికి చూపించిందట. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, పచ్చగాజు ఒక్కటే తెచ్చావేం, రెండోది ఏదీ అన్నాడట.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. పెద్ద చదువు లేకపోయినా మా వైపు ఊళ్ళలో ఎవరు ఇల్లు కట్టినా ఎన్ని ఇటుకలు కావాలో, చెరువులో పూడిక ఎంత ఉందో నన్నే అడుగుతారు. ఆ పేరంటం లెక్క కూడా నేను వదల్లేదు. ముప్పై నాలుగు మంది ముత్తైదువులు, ఒక చిన్నత్త, వెరసి ముప్పై ఐదు పచ్చి అబద్ధాలు. అన్నీ ఒకే పిల్లాడి కోసం, వాడి ముఖం చూస్తూ చెప్పినవి. ఇవి తీర్చాలంటే అలాంటివే చెప్పాలి. నలుగురిలో తలదించుకోబోతున్న మనిషిని నిలబెట్టాలి, చెప్పినందుకు నాకు లాభం ఉండకూడదు, వీలైతే కొంచెం నష్టం ఉండాలి. మా ఆవిడ వంట గురించి చెప్పేవి ఇందులో కలపలేదు. అవి నా క్షేమం కోసం చెప్పుకున్నవి.

నిబంధన గట్టిది కావడంతో లెక్క నెమ్మదిగా సాగుతోంది. పొలం కొలుస్తుంటే ఒక కుర్రాడు టేపు తప్పు చదివి గజం పోగొట్టాడు, వాళ్ళ నాన్న చెయ్యెత్తాడు. తప్పు చదివింది నేనే అన్నాను. ఆ ఊళ్ళో నా లెక్కకి రెండేళ్ళు విలువ లేకుండా పోయింది. అది ఒకటి. కిందటి నెల మా మేనకోడలి కొడుకు బొమ్మ గీసి తెచ్చాడు. ఇది ఏనుగు కదా తాతయ్యా అన్నాడు. చుట్టూ పిల్లలు కుండ, కుండ అని నవ్వుతున్నారు. తొండం ఎంత బాగా తిప్పావురా అన్నాను. దీన్ని కలపాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నాకు నష్టమేమీ లేదు. కానీ వాడు ఆ బొమ్మ మా గోడకి మేకు కొట్టి తగిలించాడు, పెచ్చు ఊడింది. కలిపేశాను.

ముప్పై ఐదులో ఇప్పటికి ఇరవై రెండు తీరాయి. ఇంకా పదమూడు ఉన్నాయి.